డబుల్ మార్కర్‌లో 180లో 1 అని వచ్చింది: ఎన్‌ఐపీటీ చేయించాలా, నేరుగా ఉమ్మనీటి పరీక్షకు వెళ్లాలా?

ప్రశ్న: తూర్పు కిటికీ (కె.ఆర్.పురం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. నా వయసు 31 సంవత్సరాలు. ఇది రెండవ కాన్పు. మొదటి బాబుకు నాలుగేళ్లు నిండాయి, ఆరోగ్యంగా ఉన్నాడు. మాది మదనపల్లె; పెళ్లయ్యాక కె.ఆర్.పురంలో ఉంటున్నాము. మాది మేనరికం, అంటే నేను మా మేనమామ కొడుకునే చేసుకున్నాను. ఈ విషయం ముందే ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

12 వారాల 3 రోజులప్పుడు ఎన్‌టీ స్కాన్ తీశారు, అదే రోజు డబుల్ మార్కర్ పరీక్షకు (బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోము తేడాలు ఉండే అవకాశాన్ని లెక్కగట్టేది) రక్తం తీసుకున్నారు. స్కాన్‌లో బిడ్డ పొడవు 60 మి.మీ., మెడ వెనుక నీటిపొర (ఎన్‌టీ) 1.8 మి.మీ. ఉన్నాయి, ముక్కు ఎముక కనిపించింది. స్కాన్ తీసిన డాక్టరుగారు అంతా బాగుందన్నారు. మూడు రోజుల తరువాత రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. అందులో పాప్-ఎ 0.38, ఫ్రీ బీటా హెచ్‌సీజీ 2.1 అని ఉంది. కింద ఎర్ర అక్షరాలతో 'డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:180, హై రిస్క్' అని వేశారు. నా వయసుకు మామూలుగా ఉండే రిస్క్ 1:620 అని కూడా అదే కాగితంలో ఉంది.

మా గైనకాలజిస్టు ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంతో చేసే మరో పరీక్ష) అయినా చేయించుకోవచ్చని, ఉమ్మనీటి పరీక్ష (సూదితో ఉమ్మనీరు తీసేది) అయినా చేయించుకోవచ్చని, నిర్ణయం మాదేనని చెప్పారు. ఆ మాటలు పూర్తి కావడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే బయట ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఈరోజుకు నాకు 13 వారాల 1 రోజు.

నా సందేహాలు ఇవి. స్కాన్ బాగున్నప్పుడు రక్తం మాత్రం ఇలా ఎందుకు చెబుతోంది? 180లో 1 అనేది పెద్ద సంఖ్యా, చిన్న సంఖ్యా? ఎన్‌ఐపీటీ మంచిదని వచ్చాక కూడా సూది పరీక్ష అవసరమవుతుందా? ఆఖరిది, నన్ను ఎక్కువగా బాధిస్తున్నది: మా పెద్దమ్మ ఇది మేనరికం వల్లే వచ్చిందని ఫోనులో అన్నారు. అత్తయ్య, అంటే మా మేనమామ భార్య, అప్పటి నుంచి సరిగ్గా భోజనం చేయడం లేదు. 'మన వంశంలో ఇటువంటి బిడ్డ ఎవరూ లేరు, ఈ పరీక్షలన్నీ డబ్బు కోసమే' అని ఒకసారి అంటారు. 'నేను పట్టుబట్టి ఈ సంబంధం చేయకపోతే బాగుండేది' అని ఇంకొకసారి అంటారు.

తెలిసినవారు చెప్పగలరు.


జవాబు: సీరం నాళిక

అమ్మా, నేను బెంగళూరులోనే ఒక ల్యాబులో బయోకెమిస్ట్రీ విభాగంలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. డాక్టరును కాను కాబట్టి ఏ పరీక్ష చేయించుకోవాలో చెప్పను. ఆ 180 అనే సంఖ్య ఎలా పుడుతుందో మాత్రం చెబుతాను.

మీ రక్తంలోని పాప్-ఎ, ఫ్రీ బీటా హెచ్‌సీజీ రెండూ మావి నుంచి వచ్చేవే. యంత్రం కొలిచిన విలువను అలాగే రిపోర్టులో వేయరు. అదే వారం, అదే రోజు గర్భం ఉన్న స్త్రీలలో మధ్యస్థంగా ఉండే విలువతో దానిని భాగిస్తారు. అలా వచ్చినదే మీరు చూసిన 0.38, 2.1. సరిగ్గా మధ్యలో ఉన్నవారికి 1.0 వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాలలో ఈ వారాలలో సగటున పాప్-ఎ 1 కన్నా బాగా తక్కువగానూ, బీటా హెచ్‌సీజీ దాదాపు రెట్టింపుగానూ ఉంటాయి. మీ రెండు విలువలూ ఆ దిక్కుకే మొగ్గాయి. మీ వయసు ఇచ్చిన 1:620తో సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టి, స్కాన్ బాగున్నందుకు కొంత తగ్గించి, రక్తం ఇలా ఉన్నందుకు పెంచి, చివరకు 180 దగ్గర ఆగింది. స్కాన్ ఒకటి చెప్పగా రక్తం మరొకటి చెప్పడం అంటూ ఏమీ లేదు. రెండింటినీ కలిపిన లెక్కే అది.

ఆ లెక్క ఫారంలో రాసిన వివరాల మీద ఎంతగా ఆధారపడుతుందో బయటివారికి తెలియదు. నా అనుభవంలో తప్పులు యంత్రంలో కన్నా ఫారంలోనే ఎక్కువ. గర్భం వయసునే తీసుకోండి. పాప్-ఎ వారం వారం పెరుగుతుంది, బీటా హెచ్‌సీజీ ఈ దశలో తగ్గుతూ వస్తుంది. నెలసరి తేదీని బట్టి వేసిన వారాలు అసలు కన్నా ఎక్కువగా ఉంటే పాప్-ఎ ఉండవలసినంత లేనట్టు, హెచ్‌సీజీ ఉండవలసిన దాని కన్నా ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే ఒక్క తప్పు రెండు విలువలనూ హై రిస్క్ వైపే తోస్తుంది. అందువల్ల వారాలను స్కాన్‌లోని బిడ్డ పొడవును బట్టే వేయాలి.

తరువాత బరువు. శరీరం పెద్దదైతే రక్తం పరిమాణం పెరిగి ఈ పదార్థాలు పలుచబడతాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ బరువును బట్టి సవరణ చేస్తుంది. రక్తం తీసిన రోజు బరువే రాయాలి. గర్భం రాకముందుది కాదు, గుర్తున్నది కాదు. మధుమేహం ఉందా, పొగ అలవాటు ఉందా, ఐవీఎఫ్ గర్భమా, కవలలా అనే గడులు కూడా నింపి ఉండాలి. చాలా ఫారాలలో ఆ గడులు ఖాళీగానే వస్తాయి, మేము ఫోన్ చేసి అడిగితే విసుక్కుంటారు.

ఇంకొక సంగతి చెబుతాను. రక్తం గడ్డకట్టిన తరువాత సీరాన్ని వేరు చేయకుండా ఎండాకాలంలో చాలాసేపు బయట ఉంచితే మామూలు హెచ్‌సీజీ విడిపోయి ఫ్రీ బీటా పెరుగుతుంది. శాంపిల్ సేకరణ కేంద్రం నుంచి ల్యాబుకు చల్లని పెట్టెలో వచ్చిందో లేదో అడిగే హక్కు మీకు ఉంది.

అయితే ఒక హెచ్చరిక. సంఖ్య నచ్చలేదని మరొక ల్యాబులో మళ్లీ రక్తం ఇచ్చి, రెండింటిలో మంచిది ఏరుకోవద్దు. ఫారంలో తప్పు దొరికితే అదే రక్తం మీద లెక్కను మాత్రం సరిచేయించండి. తప్పు లేకపోతే 180ని 180గానే తీసుకోండి. అది కూడా చూసి భయపడవలసినంత సంఖ్య కాదు: మీవంటి రిపోర్టు వచ్చిన 180 మందిలో 179 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదు. 250 దగ్గర గీత గీశారు కాబట్టి ఎర్ర అక్షరాలు పడ్డాయి. 249 వచ్చిన ఆమెకు ఎరుపు, 251 వచ్చిన ఆమెకు ఆకుపచ్చ. ఇద్దరి కడుపులోనూ తేడా ఏమీ లేదు.


జవాబు: ఇరవైమూడు జతలు

నేను ఇక్కడే జెనెటిక్ కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. పై మిత్రులు రక్తం లెక్కను నాకన్నా బాగా చెప్పారు. నేను ముందుగా మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంట్లో భోజనం ఆగిపోయింది దాని వల్లనే.

మేనరికానికీ డౌన్ సిండ్రోమ్‌కూ సంబంధం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో సుమారు 95 శాతం మందికి 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. అండం లేదా శుక్రకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల జంట విడిపోవలసిన చోట విడిపోకపోవడం వల్ల, ఎక్కువ సార్లు అండంలోనే, అది జరుగుతుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది: 25 ఏళ్ల వయసులో సుమారు 1,250 కాన్పులలో ఒకటి, 35లో సుమారు 350లో ఒకటి, 40లో సుమారు 100లో ఒకటి. భర్త బావ అయినా, ముక్కూమొహం తెలియని సంబంధమైనా ఈ లెక్క మారదు. అలాగే 'మన వంశంలో లేదు' అనే మాట కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వంశంలో ఎవరికీ లేని ఇళ్లలోనే దాదాపు ఈ బిడ్డలందరూ పుడుతున్నారు. క్రోమోజోములు అతుక్కుని ఉండే రకం నూటికి మూడు, నాలుగు మాత్రమే; అందులోనూ తల్లిదండ్రులలో ఒకరి నుంచి బిడ్డకు సంక్రమించేది కొంత భాగమే, మొత్తం మీద నూటికి ఒకటి దగ్గర.

మేనరికం వల్ల పెరిగేది వేరే తరహా జబ్బులు. భార్యాభర్తలిద్దరూ ఒకే తాతనుంచి ఒకే లోపమున్న జన్యువును మోస్తూ ఉంటే, ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. బిడ్డకు మాత్రం ఆ జన్యువు రెండు వైపుల నుంచీ అందే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది. తలసీమియా, కొన్ని రకాల పుట్టుచెవుడు, కొన్ని జీవక్రియ లోపాలు ఈ కోవలోకి వస్తాయి. వీటిని డబుల్ మార్కర్ చూడదు, మామూలు ఎన్‌ఐపీటీ కూడా చూడదు. కాబట్టి మీ పెద్దమ్మగారి మాట వల్ల ఒక మేలు జరగాలంటే, మీ మొదటి కాన్పులో చేయించి ఉండకపోతే ఇప్పుడు మీకు తలసీమియా జన్యువును మోస్తున్నారేమో చూసే హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. మీ రెండు కుటుంబాలలోనూ చిన్నతనంలో పోయిన బిడ్డలు, చెవిటివారు, ఎదగనివారు ఎవరైనా ఉన్నారేమో అత్తయ్యగారినే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. ఆమెకు చేయడానికి ఒక పని దొరుకుతుంది, మాకు కావలసిన వంశవృక్షమూ దొరుకుతుంది. మా గదిలో ఆ చెట్టును గీసేది దాదాపు ఎప్పుడూ అత్తగార్లే.

ఇక ఎన్‌ఐపీటీ. గర్భిణి రక్తంలో మావి నుంచి విడిపోయిన డీఎన్‌ఏ తునకలు తేలుతూ ఉంటాయని 1997లో డెన్నిస్ లో బృందం చూపించింది. ఆ తునకలను లెక్కపెట్టి, 21వ క్రోమోజోము తునకలు ఉండవలసిన దాని కన్నా ఎక్కువ ఉన్నాయా అని చూడడమే ఈ పరీక్ష. 2011 నుంచి ఇది వైద్యంలోకి వచ్చింది. పదవ వారం నుంచి ఎప్పుడైనా చేయవచ్చు, తల్లి చేతి నుంచి మామూలు రక్తం తీస్తే చాలు. డౌన్ సిండ్రోమ్ విషయంలో ఉన్న 100 కేసులలో సుమారు 99ని పట్టుకుంటుంది. లేనివారిలో తప్పుగా ఉన్నదని చెప్పేది వెయ్యికి ఒకరు లేదా అంతకన్నా తక్కువ.

'99 శాతం' అనే మాటనే అందరూ పట్టుకుంటారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. మీవంటి 180లో 1 రిపోర్టు వచ్చిన 18,000 మంది ఎన్‌ఐపీటీ చేయించుకున్నారనుకుందాం. వారిలో 100 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. పరీక్ష 99 మందిని పట్టుకుని ఒకరిని వదిలేస్తుంది. మిగిలిన 17,900 మందిలో వెయ్యికి ఒకరు చొప్పున సుమారు 18 మందికి పొరపాటున 'హై రిస్క్' అని వస్తుంది. అంటే హై రిస్క్ వచ్చిన 117 మందిలో 99 మందికి నిజం, 18 మందికి అబద్ధం. నూటికి సుమారు 85 నిజం. ఇదే పరీక్షను వెయ్యిలో 1 రిస్క్ ఉన్న స్త్రీలకు చేస్తే హై రిస్క్ వచ్చిన వారిలో దాదాపు సగం మందికి అది అబద్ధమే అవుతుంది. యంత్రం అదే, రసాయనాలు అవే. ముందున్న రిస్క్ మారింది కాబట్టి జవాబు బరువు మారింది. అందుకే ఎన్‌ఐపీటీ హై రిస్క్ అని వస్తే దాన్ని బట్టి ఎవరూ గర్భం గురించి నిర్ణయం తీసుకోకూడదు. ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించుకోవాలి. తప్పు రావడానికి కారణాలు కూడా ఊహకు అందేవే: ఆ తునకలు బిడ్డవి కావు, మావివి. మావిలో మాత్రమే తేడా ఉండి బిడ్డ మామూలుగా ఉండవచ్చు. మొదట కవలలుగా మొదలై ఒక పిండం ఆగిపోయి ఉండవచ్చు.

లో రిస్క్ వస్తే? పై లెక్క ప్రకారం లో రిస్క్ వచ్చిన దాదాపు 17,900 మందిలో ఒక్కరికి మాత్రమే డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. స్కాన్‌లు బాగుంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు, అది సమంజసమే. కొందరికి ఆ ఒక్కటి కూడా మిగలకూడదనిపిస్తుంది, వారు నేరుగా సూది పరీక్షకు వెళ్తారు, అదీ సమంజసమే. మీ ఎన్‌టీ 3.5 మి.మీ. లేదా ఆపైన ఉండి ఉంటే నేను మీకు ఎన్‌ఐపీటీ మాట ఎత్తేదాన్ని కాదు, ఎందుకంటే అప్పుడు ఎన్‌ఐపీటీ ముఖ్యంగా చూసే 21, 18, 13 క్రోమోజోములు కాక ఇతర క్రోమోజోముల తేడాలు, గుండె లోపాలు కూడా ఆలోచించవలసి వస్తుంది. మీది 1.8 కాబట్టి రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

కాలం లెక్క చూద్దాం. ఈ వారంలో ఎన్‌ఐపీటీకి రక్తం ఇస్తే వారం పది రోజులలో, అంటే 15 వారాల లోపు జవాబు వస్తుంది. ఉమ్మనీటి పరీక్షను ఎలాగూ 16వ వారం దగ్గర చేస్తారు. కాబట్టి మధ్యలో ఎన్‌ఐపీటీ చేయించుకున్నందువల్ల మీరు ఒక్క రోజు కూడా పోగొట్టుకోరు. కొన్నిసార్లు రక్తంలో మావి డీఎన్‌ఏ పాలు చాలక జవాబు రాదు, ముఖ్యంగా బరువు ఎక్కువ ఉన్నవారికి. అప్పుడు మళ్లీ రక్తం అడుగుతారు. అలా అడిగితే రెండవసారి కోసం వేచి ఉండాలా, సూది పరీక్షకు వెళ్లాలా అని వెంటనే డాక్టరును అడగండి. ఇప్పుడే తేల్చుకోవాలనుకుంటే మావి ముక్క తీసే పరీక్ష 14 వారాల లోపు చేయవచ్చు, కానీ మీకు దానికి కొద్ది రోజులే మిగిలాయి.

ఉమ్మనీటి పరీక్షలో స్కాన్ చూస్తూ సన్నని సూదితో 15 నుంచి 20 మి.లీ. నీరు తీస్తారు. దానివల్ల గర్భస్రావం అయ్యే అవకాశం నూటికి ఒకటి అని పాత పుస్తకాలలో ఉండేది. అనుభవమున్న చేతుల్లో అది వెయ్యికి ఒకటి, రెండు మాత్రమేనని 2015 నాటి విశ్లేషణ తేల్చింది. ముఖ్యమైన క్రోమోజోముల జవాబు మూడు నాలుగు రోజులలో, పూర్తి కారియోటైప్ (క్రోమోజోములన్నింటి పటం) రెండు మూడు వారాలలో వస్తాయి. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అడగడం మరువవద్దు.

చట్టం గురించి కూడా తెలిసి ఉండాలి. గర్భవిచ్ఛేదనకు 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక డాక్టరు, 20 నుంచి 24 వారాల వరకు, పిండంలో తీవ్ర లోపాలతో సహా కొన్ని నిర్దిష్ట పరిస్థితులలో, ఇద్దరు డాక్టర్లు అభిప్రాయం ఇవ్వాలి. 24 దాటితే తీవ్రమైన పిండ లోపాలకు రాష్ట్ర మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. మీరు ఆ దారి పడతారని నేను అనడం లేదు. అయితే ఏ నిర్ణయానికైనా తొందరపడవలసినంత తక్కువ సమయం మీకు లేదని తెలిస్తే నిద్ర పడుతుంది. ఎన్‌ఐపీటీ రిపోర్టులో ఆడో మగో మాత్రం చెప్పరు, 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం దాన్ని నిషేధించింది. కాబట్టి ల్యాబులో అడగవద్దని మీ ఇంట్లో వారికి ముందే చెప్పండి.

చివరగా, ఎవరూ ప్రస్తావించని విషయం. మీ పాప్-ఎ 0.38 క్రోమోజోములు బాగున్నా పట్టించుకోవలసినదే. ఇంత తక్కువ పాప్-ఎ ఉన్నవారిలో తరువాత బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. బీపీ, గర్భాశయ ధమనుల స్కాన్ వంటివి కూడా చూసి, అవసరమనిపిస్తే రాత్రిపూట చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను 16 వారాల లోపే మొదలుపెడతారు. మీ గైనకాలజిస్టును ఈ ఒక్క ప్రశ్న అయినా అడిగి రండి, బయట ముప్పై మంది కూర్చుని ఉన్నా సరే.


జవాబు: బన్నేరుఘట్ట రోడ్డు

గత సంవత్సరం మా ఆవిడకు 37 ఏళ్ల వయసులో ఉమ్మనీటి పరీక్ష చేయించాము కాబట్టి, అది ఎలా ఉంటుందో రాస్తాను. సూది లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. దానికి ముందు సంతకాలకు అరగంట పట్టింది. మత్తు ఇవ్వలేదు. నెలసరి నొప్పిలాంటిది సాయంత్రం వరకు ఉందని ఆమె చెప్పింది. నీరు కారితే, జ్వరం వస్తే, నొప్పి పెరిగితే వెంటనే రమ్మన్నారు, అవేవీ జరగలేదు. రెండు రోజులు బరువులు ఎత్తవద్దన్నారు. సూది కన్నా సిల్క్ బోర్డు దగ్గర ఆటోలో గుంతల మీద ఎగరడమే ఎక్కువ భయపెట్టిందని ఆమె ఇప్పటికీ అంటుంది. మా జవాబు మామూలుగానే వచ్చింది.

ఒక సలహా: రిపోర్టు ఫోనుకు వచ్చే రోజున మీ ఇద్దరూ ఒకే చోట ఉండేలా చూసుకోండి. నేను ఆఫీసులో మీటింగులో ఉండగా ఆమె ఒక్కతే తెరిచి చూసింది. అందులోని భాష అర్థంకాక గంటసేపు ఏడ్చింది. రాసింది మాత్రం మామూలుగా ఉందనే.


జవాబు: తొమ్మిదేళ్ల పాప అమ్మ

నాకు 28 ఏళ్ల వయసులో 17వ వారంలో క్వాడ్రుపుల్ పరీక్ష (డబుల్ మార్కర్ లాంటిదే, రక్తంలో నాలుగు పదార్థాలు చూసేది) చేశారు. రిస్క్ 1:1400 అని, ఆకుపచ్చ అక్షరాలతో వచ్చింది. ఆ పరీక్ష వందలో సుమారు ఎనభై మందినే పట్టుకోగలదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. లో రిస్క్ అంటే లేదని అర్థం చేసుకున్నాను. మా పాప పుట్టిన రెండవ రోజున పిల్లల డాక్టరు అరచేయి, కళ్లు చూసి, కారియోటైప్‌కు రక్తం పంపారు.

నేను ఈ చెల్లెలికి ఇది చేయించుకో, అది మానుకో అని చెప్పడానికి రాయడం లేదు. పరీక్షలు చేయించుకునేవారి మీద నాకు కోపం లేదు. నా చెల్లెలి కాన్పుకు నేనే దగ్గరుండి ఎన్‌ఐపీటీ చేయించాను. అయితే ఈ చర్చలో 'ఉంటే' అనే మాట దగ్గర అందరూ ఆగిపోతున్నారు. ఉంటే ఏమిటి అని అడిగితే చెప్పడానికి డాక్టర్ల దగ్గర సమయం ఉండదు, బంధువుల దగ్గర భయం తప్ప ఏమీ ఉండదు. అందుకే నేను చెబుతున్నాను.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. మా పాపకూ ఉండింది. ఐదవ నెలలో ఆపరేషన్ అయింది. ఆ ఐదు నెలలూ నేను పాలు తాగించిన ప్రతిసారీ ఆయాసం లెక్కపెట్టేదాన్ని. తరువాత థైరాయిడ్, వినికిడి, కంటి చూపు ప్రతి సంవత్సరమూ చూపిస్తూ ఉండాలి. మెడ నిలపడానికి ఎనిమిది నెలలు, నడవడానికి రెండున్నర ఏళ్లు పట్టింది. మాట ఇప్పటికీ ముద్దగానే వస్తుంది. మాకు అర్థమవుతుంది, బస్ కండక్టరుకు అర్థం కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు ఉన్నందువల్ల మాట ఆలస్యమవుతుందని ఒకరు భయపెట్టారు, స్పీచ్ థెరపిస్టు మాత్రం ఇంటి భాష మానవద్దన్నారు. ఇప్పుడు మూడవ తరగతిలో ఉంది. కూడికలు వేళ్ల మీద చేస్తుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఏరి పక్కన పెట్టడంలో ఆమెను మించినవారు మా ఇంట్లో లేరు.

డబ్బు ఖర్చవుతుంది, ఉద్యోగం నేను మూడేళ్లు మానుకున్నాను. వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకున్నాము, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. డౌన్ సిండ్రోమ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా చెన్నైలోనే ఉంది. నేను మొదటి ఏడాది వారిని సంప్రదించి ఉంటే ఎన్నో రాత్రులు తేలికగా గడిచేవి. మా తరువాత ఆమెను ఎవరు చూస్తారనే ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఉందని అబద్ధం చెప్పను.

ఇవన్నీ తెలిసి కొందరు గర్భం కొనసాగిస్తారు, కొందరు కొనసాగించరు. రెండు రకాలవారినీ నేను ఎరుగుదును, ఇద్దరిలో ఎవరిదీ తేలికగా తీసుకున్న నిర్ణయం కాదు. ఒకటి మాత్రం అడుగుతాను, చెల్లెమ్మా: పరీక్షకు వెళ్లే ముందు రాత్రి మీరిద్దరూ కూర్చుని, ఉన్నదని తేలితే మనం ఏమి చేస్తామని మాట్లాడుకోండి. ఏ జవాబు వచ్చినా మా నిర్ణయం మారదు అనుకుంటే సూది పరీక్ష అవసరం ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. ముందుగా తెలిస్తే గుండె నిపుణులున్న ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు అనుకుంటే అదీ ఒక కారణమే.


తిరుగు జవాబు: తూర్పు కిటికీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆరు రోజుల తరువాత రాస్తున్నాను.

మొదట ఫారం సంగతి. సీరం నాళిక గారు చెప్పినట్టే ల్యాబుకు వెళ్లి ఫారం చూపించమని అడిగాను. మొదట ఇవ్వలేమన్నారు, తరువాత చూపించారు. వారాలు స్కాన్ ప్రకారమే వేశారు. బరువు మాత్రం 54 కిలోలు అని ఉంది. అది మొదటి కాన్పు ఫైలులోని బరువు, ఇప్పుడు నేను 63 కిలోలు ఉన్నాను. సరిచేసి లెక్క మళ్లీ వేశారు. పాప్-ఎ 0.44కు, హెచ్‌సీజీ కూడా కొంచెం పైకి వెళ్లాయి, రిస్క్ 1:215కు వచ్చింది. ఆశపడినంత మారలేదు, ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. అయినా ఇప్పుడు ఈ సంఖ్య నాదే అనిపిస్తోంది. మునుపటిది నాలుగేళ్ల కిందటి మనిషిది.

రాత్రి మాట్లాడుకోవడం చాలా కష్టమైంది. మా వారు రెండు గంటల సేపు లెక్కలే చెప్పారు. ఆ తరువాత ఒక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆ పది నిమిషాల తరువాత చెప్పిన మాటలు ఇక్కడ రాయను. ముందుగా ఎన్‌ఐపీటీ చేయించి, హై రిస్క్ వస్తే లేదా జవాబు రాకపోతే ఉమ్మనీటి పరీక్షకు వెళ్లాలని అనుకున్నాము. మొన్న ఉదయం రక్తం ఇచ్చాను. మా ల్యాబులో 16,500 రూపాయలు తీసుకున్నారు, పది రోజులు పడుతుందన్నారు. 16వ వారంలో సూది పరీక్షకు కూడా ఒక తేదీ ముందుగానే అడిగి పెట్టుకున్నాము, అవసరం లేకపోతే రద్దు చేసుకోవచ్చన్నారు. 20వ వారానికి టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) తేదీ కూడా ఇచ్చారు. ఎన్‌ఐపీటీ ఏమి చెప్పినా అది తప్పదని అక్కడ కూడా గట్టిగా చెప్పారు.

పాప్-ఎ తక్కువ అనే విషయం మా గైనకాలజిస్టును అడిగాను. ఆమె కాసేపు రిపోర్టు వైపు చూసి, బీపీ రెండు చేతులకూ కొలిచి, ఆస్పిరిన్ రాసి ఇచ్చారు. 28వ వారం నుంచి ఎదుగుదల స్కాన్‌లు కూడా తీద్దామన్నారు.

మేనరికం గురించి ఇరవైమూడు జతలు గారు రాసినది అత్తయ్యకు ఫోనులో నెమ్మదిగా చదివి వినిపించాను. 'అయితే నా వల్ల కాదా' అని రెండుసార్లు అడిగారు. తరువాత వంశవృక్షం మొదలుపెట్టారు. మా తాతగారి అన్నగారి ఇంట్లో ఇద్దరు చెవిటి పిల్లలు ఉండేవారట, ఆ సంగతి ఇన్నేళ్లుగా నాకు గానీ మా వారికి గానీ ఎవరూ చెప్పలేదు. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, వచ్చే శనివారం మదనపల్లె నుంచి తెల్లవారుజాము బస్సుకు తనే తీసుకువస్తానన్నారు.